ఎస్పీ రోడ్డులో రెండు చిప్పులు

బెంగళూరు ఎస్పీ రోడ్డు దుకాణంలో తక్కువ ఖర్చులో కంప్యూటరు కట్టించుకోవాలనుకునే కుర్రాడికి రెండు పేర్లు ఎదురవుతాయి. 2021లో వచ్చిన ఏఎండీ రైజెన్ 5 5600జీ ఒకటి, 2022 జనవరిలో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ3-12100ఎఫ్ ఇంకొకటి. మొదటిదానికి 6 కోర్లు, 12 థ్రెడ్లు. రెండోదానికి 4 కోర్లు, 8 థ్రెడ్లు. ఈ లెక్క చూసి డబ్బు కట్టేస్తే తప్పులో కాలేసినట్టే. చూడాల్సింది పేరు చివరి అక్షరం.

5600జీలో గ్రాఫిక్స్ చిప్పులోనే ఉంది. ఏఎండీ 2006లో గ్రాఫిక్స్ కంపెనీ ఏటీఐని కొన్నది ఇందుకే: ప్రాసెసరు, గ్రాఫిక్స్ ఒకే సిలికాన్ మీద ఉండాలని. 2011లో ఆ తొలి చిప్పులు అమ్మకానికొచ్చాయి. 5600జీ ఆ వంశంలోదే. ఎఫ్ కథ వేరు. తయారీలో ప్రతి చిప్పూ నిర్దోషంగా రాదు. గ్రాఫిక్స్ భాగం పాడైనా కోర్లు బాగుంటే, ఆ భాగాన్ని ఆపేసి చవగ్గా అమ్మవచ్చు. 2019 నుంచి ఇంటెల్ ఎఫ్ రకాలను అలా అమ్ముతోంది. గ్రాఫిక్స్ కార్డు లేకుండా 12100ఎఫ్ కొంటే, మదర్‌బోర్డుకు హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నా తెర మీద బొమ్మ రాదు.

కార్డు కొనే స్తోమత ఇప్పుడు లేనివాళ్లకు నా ఓటు 5600జీకే. వాలరెంట్ లాంటి ఆటలు సెట్టింగులు తగ్గించుకుంటే హాయిగా నడుస్తాయి. కానీ ర్యామ్ విషయంలో పీనాసితనం పనికిరాదు. ఈ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, కంప్యూటరు ర్యామ్‌నే వాడుకుంటుంది. డీడీఆర్4-3200 స్టిక్కు ఒక్కటే పెడితే సెకనుకు 25.6 గిగాబైట్ల దారి. రెండు పెడితే 51.2. అందుకే 16 జీబీ ఒకే స్టిక్కు కంటే 8 జీబీవి రెండు తీసుకోవాలి. ఆటలో ఆ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

కార్డు కొనగలిగితే తూకం తిరగబడుతుంది. 12100ఎఫ్ కోర్లు నాలుగే అయినా ఒక్కొక్కటీ చురుకైనది. బ్రౌజరు, ఆఫీసు పనులతోపాటు చాలా ఆటల్లోనూ అదే ముందుంటుంది. పైగా కార్డును ప్రాసెసరుతో కలిపే పీసీఐఈ దారి 5600జీలో 3.0 దగ్గరే ఆగిపోయింది. నాలుగు లేన్లే ఉన్న ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి చవక కార్డు దాని పక్కన నీరసపడుతుంది. వీడియో ఎడిటింగు, పెద్ద ప్రోగ్రాముల కంపైలింగు వంటి అన్ని కోర్లనూ పట్టే పనుల్లో మాత్రం 5600జీదే పైచేయి.

చేతిలో పట్టుకుంటే తేడా ఇంకా తెలుస్తుంది. 5600జీ అడుగున 1331 సన్నని పిన్నులుంటాయి, ఒక్కటి వంగినా ప్రమాదమే. 12100ఎఫ్ అడుగు చదును, పిన్నులు సాకెట్లో ఉంటాయి. 5600జీ మీది కూలర్ తీసేముందు కంప్యూటరును కాసేపు నడిపి, ఆపేసి, పేస్టు వెచ్చగా ఉండగానే మెల్లగా మెలితిప్పాలి. చల్లారాక లాగితే చిప్పు కూడా ఊడొస్తుంది.

ఈ రెండు కంపెనీల పని ఈ ఊళ్లోనూ జరుగుతోంది. 2008లో వచ్చిన ఇంటెల్ ఆరు కోర్ల జియాన్ 7400ను బెంగళూరు బృందం రూపొందించింది, అందులో 190 కోట్ల ట్రాన్సిస్టర్లు. ఏఎండీ తన అతిపెద్ద డిజైన్ కేంద్రాన్ని 2023లో ఇక్కడే తెరిచింది.