లేచి నిలిచిన బొమ్మ

తోలుబొమ్మలాటలో బొమ్మను ఆడించే కళాకారుడు తెర వెనుక ఉంటాడు. అతని చేయి లేకుండానే బొమ్మ ఆడి, పలకాలంటే ఎలా? ఈ సమస్యను పరిష్కరించడానికి పూనుకొన్న సంస్థలలో అమెరికాకు చెందిన డబ్ల్యు.ఇ.డి. ఎంటర్‌ప్రైజెస్ ప్రసిద్ధమైనది. వాల్ట్ డిస్నీ దానిని 1952లో స్థాపించాడు.

ఆ సంస్థ శిల్పులు, ఇంజనీర్లు 1963లో డిస్నీలాండ్ ఉద్యానవనంలో పాడే యంత్రపక్షులను ప్రదర్శించారు. పక్షి ముక్కు తెరచి మూస్తే ప్రేక్షకుడు తృప్తి చెందుతాడు. మానవ ముఖం అంత సులభంగా లొంగదు. పసితనం నుంచి మనం చదువుతున్న గ్రంథమది.

1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో అబ్రహాం లింకన్ ప్రతిమ ప్రసంగించింది. లింకన్ జీవించి ఉండగా 1860లో ఆయన ముఖంపై తీసిన అచ్చు దానికి ఆధారం. ద్రవపీడనంతో, వాయుపీడనంతో అవయవాలు కదిలేవి. అయస్కాంత టేపుపై మాటలతోపాటు కదలికల సంకేతాలూ నిక్షిప్తమై ఉండేవి. నిజానికి ప్రసంగం కంటే కష్టమైనది కుర్చీలో నుంచి లేవడం! మనిషి లేచేటప్పుడు మొండెం ముందుకు వాలుతుంది, బరువు పాదాలపైకి చేరుతుంది. మనం తలపోయకుండా చేసే ఈ పని ఇంజనీర్లను ఎంతో శ్రమపెట్టింది. ప్రదర్శన ప్రారంభదినాన ప్రతిమ ప్రజల ముందుకు రానేలేదు.

కరేబియన్ సముద్రపు దొంగల కథతో రూపొందిన 'డార్క్ రైడ్' 1967 మార్చిలో ప్రారంభమైంది. అప్పటికి మూడు నెలల క్రితమే డిస్నీ మరణించాడు. ఇందులో సందర్శకులు పడవలో కూర్చొని మసకచీకటి గుహలగుండా సాగిపోతారు. ఒక్కొక్క బొమ్మ కనిపించేది కొద్ది క్షణాలే కనుక, రెండు మూడు కదలికలు పదేపదే చేసినా చాలు. యంత్రాన్ని చీకటి దాచుతుంది. లింకన్‌కు ఆ వెసులుబాటు లేదు. ఆయనను ప్రేక్షకులు ఎదురుగా కూర్చొని నిమిషాల తరబడి చూశారు.