లారీ ఏదైనా సరే, గొట్టం మూతి కలవాలి

మీరు అపార్ట్‌మెంటులో ఉంటున్నట్టయితే ఇది చదవడం ఒక్క నిమిషం ఆపి మెట్ల దగ్గరికి వెళ్లి రండి. కింది నుంచి పైదాకా ఒక ఎర్ర పైపు, ప్రతి అంతస్తులో దానికి ఒక వాల్వు, ఆ వాల్వుకు గొలుసుతో వేలాడే మూత కనిపిస్తాయి. మూత తీస్తే గుండ్రటి మూతి. దాని కొలత 63 మిల్లీమీటర్లు, రెండున్నర అంగుళాలు. ఇంచుమించు స్టీలు టీగ్లాసు మూతి అంత.

రేపెప్పుడైనా మీ బిల్డింగుకు ఫైరింజను రావాల్సి వస్తే, దాన్ని టాటా లారీ మీద కట్టారా, అశోక్ లేలాండ్ మీద కట్టారా అన్నది మీకు పట్టదు. దాని గొట్టం చివర ఈ మూతిలో పడుతుందా లేదా అన్నదే ముఖ్యం. ఒక ఊరి అగ్నిమాపక దళం ఇంకో ఊరికి సాయం వెళ్లినప్పుడు కూడా ఇదే ప్రశ్న.

ముందు లారీ సంగతి చూద్దాం, ఎందుకంటే అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి. ఛాసిస్ అంటే బాడీ కట్టని లారీ: ఇంజను, చక్రాలు, ఇనప చట్రం. మన దగ్గర మామూలు సరుకు లారీ ఛాసిస్ కొని, దాని మీద నీళ్ల ట్యాంకు, పంపు, సామాను అరలు కట్టిస్తారు. జర్మనీలో మాన్, మెర్సిడెస్ ఛాసిస్‌ల మీద, బ్రిటన్‌లో స్కానియా, వోల్వోల మీద కడతారు. అమెరికాలో పియర్స్, సీగ్రేవ్ లాంటి కంపెనీలు ఫైరింజను కోసమే ఛాసిస్ తయారుచేస్తాయి.

ఛాసిస్ ఎంపికలో మొదటి లెక్క బరువు. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. 4,500 లీటర్ల ట్యాంకంటే మేడ మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల సిన్‌టెక్స్‌లు నాలుగున్నర, బరువు నాలుగున్నర టన్నులు. మొత్తం బరువు 16 టన్నులు దాటకూడని లారీ అనుకుంటే, అందులో పావు వంతుకు పైగా నీళ్లకే పోతుంది. మిగిలినదాంట్లోనే ఇంజను, బాడీ, పంపు, నిచ్చెనలు, గొట్టాలు, ఆరుగురు మనుషులు. నీళ్లు పెంచితే సామాను తగ్గించాలి, సామాను పెంచితే నీళ్లు తగ్గించాలి.

ఈ బేరంలో ఒక్కో దేశం ఒక్కోవైపు మొగ్గింది. అమెరికా ప్రమాణం ప్రకారం పంపరు బండికి కనీసం 300 గ్యాలన్ల ట్యాంకు ఉంటే చాలు, అంటే సుమారు 1,135 లీటర్లు. పంపు మాత్రం నిమిషానికి కనీసం 750 గ్యాలన్లు, సుమారు 2,840 లీటర్లు తోడగలగాలి. పంపును ఆ వేగంతో నడిపితే ట్యాంకు 24 సెకన్లలో ఖాళీ! జర్మనీలో ఎల్‌ఎఫ్-20 అనే బండికి కనీసం 2,000 లీటర్ల ట్యాంకు, నిమిషానికి 2,000 లీటర్ల పంపు. అదీ ఒక్క నిమిషం ముచ్చటే.

మరి ఇంత చిన్న ట్యాంకు పెట్టుకుని వాళ్లేం చేస్తారని అడుగుతారు కదా. వాళ్ల వీధుల్లో హైడ్రెంట్లు ఉంటాయి, అంటే ఫైరింజను గొట్టం తగిలించుకోవడానికి మున్సిపల్ నీళ్ల లైనుకు పెట్టిన కుళాయిలు. ట్యాంకు నీళ్లు మొదటి నిమిషం గడవడానికే. ఆ తర్వాత నీళ్లు వీధే ఇస్తుంది. మన దగ్గర చాలా వీధుల్లో ఆ భరోసా లేదు, అందుకే బండే నీళ్లు మోసుకు రావాలి. 20 మిల్లీమీటర్ల నాజిల్‌ను 4 బార్ ఒత్తిడితో వదిలితే నిమిషానికి దాదాపు 530 లీటర్లు పోతాయి. 4,500 లీటర్లు ఎనిమిదిన్నర నిమిషాలొస్తాయి. హైడ్రెంటు లేని పల్లెలో అమెరికా బండి, ఎంత నిగనిగలాడుతున్నా, పెద్ద పంపున్న చిన్న బిందె. కాబట్టి ఛాసిస్‌లను పోల్చేటప్పుడు బండి పక్కన వీధిని కూడా పెట్టి చూడాలి.

ఛాసిస్ తేడాల్లో ఇంకో చిక్కు కరెంటు. యూరప్‌లోనూ మన దగ్గరా పెద్ద లారీలు 24 వోల్టులవి, అమెరికా బండ్లు 12 వోల్టులవి. ఒకదాని టార్చి ఛార్జరు తెచ్చి రెండోదానికి తగిలిస్తే పనిచేయదు, లేదా కాలిపోతుంది. విడిభాగాలు, మెకానిక్ అలవాటు, స్టీరింగు ఏ పక్కనుందీ అన్నవీ ఉంటాయి. ఇవన్నీ డబ్బుతో, శిక్షణతో తీరే ఇబ్బందులు, అదీ షెడ్డులో. మంట దగ్గర మాత్రం ఇబ్బంది గొట్టం మూతితోనే.

గొట్టం చివర ఉండే లోహపు జోడును కప్లింగ్ అంటారు. మన దగ్గరున్నది బ్రిటిష్ వాళ్ల పద్ధతి, పేరు ఇన్‌స్టంటేనియస్. మన ప్రమాణం ఐఎస్ 903 చెప్పేదీ దీని గురించే. ఒక చివర మగ, ఒక చివర ఆడ. మగదాన్ని ఆడదాంట్లోకి నొక్కితే టక్కుమంటుంది, అంతే. విడదీయాలంటే పక్కనున్న రెండు స్ప్రింగు చెవులు లాగాలి. చీకట్లో, చేతులకు గ్లవుజులతో కూడా రెండు సెకన్ల పని. జర్మనీ వాళ్లది స్టోర్జ్. అందులో మగా ఆడా లేవు, రెండు చివర్లూ ఒకటే. కొక్కేలు ఎదురెదురుగా పెట్టి తిప్పితే బిగుస్తుంది. గొట్టం తిరగేసి పరిచామే అన్న బెంగ ఉండదు. నన్నడిగితే బుర్ర పెట్టి చేసిన వస్తువు ఇదే. అమెరికాది సీసా మూతలాగా మర తిప్పే రకం. రెండున్నర అంగుళాల గొట్టానికి వాళ్ల జాతీయ ప్రమాణం అంగుళానికి ఏడున్నర మరలు.

మర తిప్పే రకంలో ఒక ప్రమాదం ఉంది. వెడల్పు ఒకటే అయినా మరల లెక్క తేడా వస్తే ఒకటిన్నర చుట్టు తిరిగి బిగుసుకుపోతుంది. 1904 ఫిబ్రవరి 7న అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో మంటలు లేచాయి. వాషింగ్టన్ నుంచి రైల్లో ఫైరింజన్లు ఆ రోజే వచ్చాయి, తర్వాత ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నుంచీ వచ్చాయి. వచ్చినవాళ్లలో చాలామంది గొట్టాలు బాల్టిమోర్ హైడ్రెంట్లకు పట్టలేదు. ముప్పై గంటలు కాలింది. దాదాపు 140 ఎకరాలు, 1,500కు పైగా భవనాలు పోయాయి. గాలి, చలి కూడా కారణాలే, తప్పంతా మరలదే అనలేం. కానీ నీళ్లుండీ, మనుషులుండీ, బండ్లుండీ కలపలేకపోవడం అందరికీ కనబడింది. ఆ తర్వాత దేశమంతా సేకరించి చూస్తే 600కు పైగా రకాల కప్లింగులు తేలాయి.

1905లోనే జాతీయ ప్రమాణం వచ్చింది. ఇక సమస్య తీరిందనుకుంటాం. నూరేళ్ల తర్వాత, 2004లో, అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ లెక్క చూస్తే జనాభాలో పెద్దవైన 48 నగరాల్లో ఆ ప్రమాణం హైడ్రెంట్లున్నవి పద్దెనిమిదే.

ఎందుకు మార్చరు? ఈ చిన్న లెక్క చూడండి. ఒక బండిలో పది గొట్టాలుంటే ఇరవై చివర్లు. వంద బండ్ల నగరానికి రెండు వేలు. వాటితోపాటు ప్రతి హైడ్రెంటు, ప్రతి బహుళ అంతస్తుల భవనంలో ప్రతి వాల్వు. పైగా విడతలవారీగా మార్చడం కుదరదు. సగం మార్చిన రోజున నగరం తనలో తానే కలవదు. మన గ్యాస్ రెగ్యులేటరు సంగతి తలుచుకోండి. ఇండేన్, హెచ్‌పీ, భారత్ వంటింటి సిలిండర్లకు ఒకే రకం కాబట్టి పక్కింటి సిలిండరు అప్పు తెచ్చుకుంటాం. మూడూ మూడు రకాలుగా మొదలై ఉంటే ఇప్పుడు కోట్ల ఇళ్లలో ఎవరు మారుస్తారు?

సరే, మధ్యలో ఒక అడాప్టరు పెట్టుకుంటే పోలా? పోతుంది, అది చేతిలో ఉన్నప్పుడు. 1991 అక్టోబరు 20న కాలిఫోర్నియాలో ఓక్లండ్ కొండల మీద మంట ఇళ్ల మధ్యకు దిగింది. ఓక్లండ్ హైడ్రెంట్లు మూడంగుళాలవి, సాయమొచ్చిన ఊళ్ల గొట్టాలు రెండున్నరవి. అడాప్టర్లు ఉన్నాయి గానీ వచ్చిన బండ్లన్నిటికీ సరిపోలేదు. ఆ మంటల్లో 25 మంది చనిపోయారు.

ఇంకో సూక్ష్మం. మూతి కలిసినంత మాత్రాన నీళ్లు సమానంగా పోవు. గొట్టం గోడలకు రాసుకుంటూ నీళ్లు ఒత్తిడి కోల్పోతాయి. ఆ నష్టం వెడల్పు తగ్గేకొద్దీ చాలా వేగంగా పెరుగుతుంది. 63 మిల్లీమీటర్ల గొట్టంలో పోయే నీళ్లనే జర్మనీ 52 మిల్లీమీటర్ల గొట్టంలో పంపితే నష్టం దాదాపు 2.6 రెట్లు. అమెరికాలో హైడ్రెంటు నుంచి బండికి వేసే అయిదంగుళాల గొట్టాన్ని రెండున్నర గొట్టంతో పోలిస్తే, అదే నీళ్లకు నష్టం 32వ వంతే. జర్మనీలో 42, 52 మిల్లీమీటర్ల గొట్టాలు రెండింటికీ ఒకే సి-రకం స్టోర్జ్ కప్లింగ్ వేస్తారు. మూతి మారదు కాబట్టి గొట్టం వెడల్పు మార్చుకునే స్వేచ్ఛ దొరికింది.

కలవకపోవడమే మంచిదైన చోటు కూడా ఒకటుంది. పొగలోకి వెళ్లేవారు వీపున మోసే గాలి సిలిండరు 6.8 లీటర్లది 300 బార్‌కు నింపితే సుమారు 2,000 లీటర్ల గాలి. శ్రమ చేస్తూ నిమిషానికి 50 లీటర్లు పీలిస్తే 40 నిమిషాలు. యూరప్‌లో 200 బార్ పరికరానికి 300 బార్ సిలిండరు పట్టకుండా మరను కావాలనే మార్చారు, తక్కువ ఒత్తిడికి చేసిన పరికరం పగలకుండా.

2022లో బ్రిటన్ నుంచి ఫైర్ ఎయిడ్ అనే స్వచ్ఛంద సంస్థ, అక్కడి అగ్నిమాపక అధికారుల మండలి కలిసి ఉక్రెయిన్‌కు ఫైరింజన్లు పంపాయి. బండ్లు నడిచే వెళ్లాయి. కానీ అక్కడి గొట్టాలకు సోవియట్ కాలపు కప్లింగులు, బ్రిటిష్ మూతికి అవి కలవవు. ఇలాంటి సాయంలో లారీతో పాటు సొంత గొట్టాలు, అడాప్టర్ల సంచీ పోకపోతే బండి ఉత్త నీళ్ల ట్యాంకరే. మనకు ఆ బాధ లేదు. కోదాడలో మంట లేచి జగ్గయ్యపేట బండి వెళ్లినా, రాష్ట్రాలు వేరైనా మూతి ఒకటే, 63.

అలాగని మెట్ల దగ్గరి వాల్వును చూడకుండా వదిలేయకండి. గేటు దగ్గర నాలుగు మూతులున్న ఎర్ర పెట్టె ఉంటే దాన్నీ చూడండి, ఫైరింజను నీళ్లెక్కించేది అక్కణ్ణుంచే. మా బిల్డింగులో గ్రిల్లుకు రంగేసినవాళ్లు మూడో అంతస్తు వాల్వు చెవుల మీద కూడా ఒక కోటు వేసి పోయారు. ఆ చెవులు లాగుదామని చూస్తే కదల్లేదు. కొబ్బరినూనె, పాత టూత్‌బ్రష్షు పట్టుకుని కూర్చుంటే నాకు ఇరవై నిమిషాలు పట్టింది.