బి.ఎ. తొలి సెమిస్టర్‌లో విద్యామార్గదర్శనం: క్రెడిట్ల చట్రంలో మైనర్ విషయం ఎంపిక

వ్యాససంగ్రహం: డిగ్రీ విద్య క్రెడిట్ల చట్రంలోకి మారిన తరువాత పట్టాకు కావలసిన అంశాలను చాలావరకు విద్యార్థి తానే కూర్చుకోవలసి వస్తున్నది. ఈ కూర్పులో మైనర్ విషయం ఎంపిక ఉద్యోగార్హతను, పై చదువును ఎలా ప్రభావితం చేస్తుందో, అక్కడ అధ్యాపకుని మార్గదర్శనం ఎందుకు అవసరమో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: క్రెడిట్, మేజర్, మైనర్, విద్యామార్గదర్శనం, రెండో భాష, బి.ఎ.

1. ఉపోద్ఘాతం

ఇంటర్మీడియట్ ముగించి బి.ఎ.లో చేరే విద్యార్థికి ఒకప్పుడు ఎంపిక ఒక్కసారే ఎదురయ్యేది. హెచ్.ఇ.పి. గ్రూపులో చేరితే చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం మూడేళ్లూ కలిసి సాగేవి. ప్రత్యేక తెలుగు ఉన్న గ్రూపు తీసుకున్నా అంతే. ఏ పేపరు ఎప్పుడు చదవాలో విశ్వవిద్యాలయమే నిర్ణయించేది. అన్నింటిలో ఉత్తీర్ణత సాధిస్తే పట్టాకు కావలసిన లెక్క దానంతట అదే పూర్తయ్యేది. ఆ పద్ధతికి లోపాలు లేవని కాదు. లెక్క చూసుకునే భారం మాత్రం పద్దెనిమిదేళ్ల పిల్లల మీద ఉండేది కాదు.

ఎంపికాధారిత క్రెడిట్ పద్ధతి ఆంధ్రప్రదేశ్‌లో 2015-16లో, తెలంగాణలో 2016-17లో డిగ్రీ స్థాయిలో అమలులోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి మూడు విషయాల గ్రూపు స్థానంలో ఒకే మేజర్ పద్ధతి మొదలైంది. వీటి వెనుక ఉన్న ఉదారకళల భావన మనకు కొత్తది కాదని చెప్పడానికి జాతీయ విద్యావిధానం-2020 బాణభట్టుని కాదంబరిని, చతుష్షష్టి కళలను ప్రస్తావించింది. ఆ ప్రస్తావన బాగున్నది. అయితే మేజర్ అనే ఏర్పాటు వచ్చిన దారి వేరు.

2. మేజర్ అనే ఏర్పాటు

1869లో హార్వర్డ్ అధ్యక్షుడైన చార్లెస్ విలియం ఎలియట్ అక్కడ ఐచ్ఛిక విషయాల పద్ధతిని విస్తృతం చేశాడు. విద్యార్థి తనకు నచ్చినవి చదువుకోవచ్చునన్న ఆ స్వేచ్ఛ కొంతకాలానికి తేలికైన పేపర్లను ఏరుకునే అలవాటుగా కూడా మారిందన్న విమర్శ వచ్చింది. 1909లో అతని తరువాత అధ్యక్షుడైన ఎ. లారెన్స్ లోవెల్ ఒక విషయంలో లోతు, మిగిలిన విషయాల్లో వ్యాప్తి ఉండాలనే నియమం తెచ్చాడు. నేటి మేజర్ పద్ధతికి ఆ నియమం దగ్గరి పూర్వరూపం. ఎంపిక పెరిగిన కొద్దీ ఆ కళాశాలల్లో విద్యార్థికి ఒక సలహాదారు అధ్యాపకుణ్ణి కేటాయించడం కూడా స్థిరపడింది. ఎంపిక, సలహా అక్కడ జంటగా పెరిగాయి. మనం మొదటిదాన్ని నిబంధనగా తెచ్చుకున్నాం. రెండోదాన్ని రిజిస్టరుగా తెచ్చుకున్నాం.

3. 120 క్రెడిట్ల లెక్క

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు కావాలి. పదిహేను వారాల సెమిస్టర్‌లో వారానికి ఒక గంట పాఠం ఒక క్రెడిట్‌తో సమానం. ప్రయోగశాల పని అయితే రెండు గంటలు. మూడేళ్ల పట్టాలో మేజర్‌కు కనీసం 60, మైనర్‌కు 24, బహుళ విషయాల కోర్సులకు 9, భాషాసామర్థ్యానికి 8, నైపుణ్యాలకు 9 చొప్పున కేటాయించారు. మిగిలినవి విలువల కోర్సులకు, ఇంటర్న్‌షిప్‌కు చెందుతాయి. విశ్వవిద్యాలయాలు ఈ చట్రాన్ని తమ అవసరాలకు తగినట్లు సవరించుకుంటాయి. కాబట్టి విద్యార్థి చూడవలసింది తన విశ్వవిద్యాలయం తన ప్రవేశ సంవత్సరానికి విడుదల చేసిన పట్టికనే. సీనియర్ ఇచ్చిన పట్టిక ఇక్కడ పనికిరాదు.

క్రెడిట్‌ను మార్కుగా పొరబడడం చాలామందిలో కనిపిస్తుంది. క్రెడిట్ ఆ పేపరు బరువు. గ్రేడు పాయింటు అందులో చూపిన ప్రతిభ. ఐదు క్రెడిట్ల పేపరులో 6, రెండు క్రెడిట్ల పేపరులో 9 గ్రేడు పాయింట్లు వచ్చాయనుకుందాం. సగటు 7.5 కాదు, 30, 18 కలిపి ఏడుతో భాగించగా వచ్చే 6.86. చిన్న పేపర్లలో తెచ్చుకున్న మంచి గ్రేడు పెద్ద పేపరులోని లోటును పూడ్చదని తొలి సెమిస్టర్‌లోనే తెలియాలి. ఎందుకంటే నాలుగో ఏట పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయడానికి మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండాలని అదే చట్రం చెబుతున్నది. ఐదో సెమిస్టర్‌లో ఈ సంగతి తెలుసుకున్న విద్యార్థికి దిద్దుకునే వ్యవధి దాదాపు ఉండదు.

4. మైనర్: పేరుకే చిన్నది

తెలుగువారి వాడుకలో మైనరు అంటే వయసు నిండనివాడు, లేదా ఆస్తిని విలాసాలకు ఖర్చుచేసే జమీందారు బిడ్డ. ఆ పేరు వల్లనో ఏమో, మైనర్ విషయాన్ని విద్యార్థులు తేలికగా తీసుకుంటారు. స్నేహితుడు తీసుకున్నదని, ఆ పేపరు గట్టెక్కడం సులభమని, మధ్యాహ్నం బస్సుకు వీలవుతుందని ఎంచుకునేవారున్నారు. ఈ ఎంపిక ఫలితం మూడేళ్ల తరువాత బయటపడుతుంది.

ఉపాధ్యాయ నియామకాలను ఉదాహరణగా తీసుకోవచ్చు. స్కూల్ అసిస్టెంట్ సాంఘికశాస్త్రం పోస్టుకు చరిత్ర, భూగోళం, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం మొదలైన వాటిలో ఏవైనా రెండింటిని డిగ్రీలో ఐచ్ఛికాలుగా చదివి ఉండాలనే నిబంధన ప్రకటనల్లో వస్తూ ఉన్నది. హెచ్.ఇ.పి. విద్యార్థికి ఇది సమస్య కాలేదు. అతని పట్టాలో మూడు ఉన్నాయి. ఒకే మేజర్ పద్ధతిలో చరిత్ర చదివే విద్యార్థికి ఆ రెండో విషయం మైనర్ ద్వారానే రావాలి. అతను కంప్యూటర్ అనువర్తనాలను మైనర్‌గా తీసుకుంటే అది మంచి చదువే, కాని ఈ అర్హత సందేహంలో పడుతుంది. బి.ఎడ్.లో ఏ విషయ బోధనపద్ధతి దొరుకుతుందన్నదీ డిగ్రీ విషయాల మీదనే ఆధారపడుతుంది. నియామక నిబంధనలు గ్రూపుల కాలపు భాషలో ఉన్నాయి. పట్టాలు క్రెడిట్ల భాషలో వస్తున్నాయి. ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చదివి చెప్పడం మార్గదర్శి చేయవలసిన మొదటి పని. తెలుగును మేజర్‌గా ఎంచుకున్నవారికి మైనర్‌గా సంస్కృతమో, చరిత్రో, పాత్రికేయమో ఉండాలన్న చర్చ కూడా ఇక్కడే జరగాలి. చరిత్ర మైనర్ శాసన, సాహిత్య పరిశోధనకు ఉపకరిస్తుందన్నది నా అభిప్రాయం.

5. మధ్యలో ఆగిపోయేవారు

కొత్త చట్రం మొదటి ఏడాది తరువాత కూడా సర్టిఫికెట్‌తో బయటకు వెళ్లవచ్చునంటుంది. దీన్ని ఉన్నదున్నట్లు విన్నవారికి నష్టం జరుగుతుంది. 40 క్రెడిట్లు వస్తే సరిపోదు. వేసవిలో నాలుగు క్రెడిట్ల వృత్తి కోర్సో, ఇంటర్న్‌షిప్పో పూర్తిచేయాలి, నైపుణ్య కోర్సుల క్రెడిట్లూ ఉండాలి. పెళ్లి కుదిరి మానేసే అమ్మాయి, ఇంటి అప్పు కోసం పనికి వెళ్లే అబ్బాయి ఏప్రిల్‌లో పరీక్షలు రాసి వెళ్లిపోతారు. ఆ నాలుగు క్రెడిట్ల సంగతి చెప్పినవారు లేకపోతే ఏడాది చదువుకు కాగితం కూడా మిగలదు. మూడేళ్లలోగా తిరిగి చేరి, మొత్తం ఏడేళ్లలో పట్టా పూర్తిచేయవచ్చునన్న వెసులుబాటు వీరికోసమే ఉన్నది. హాజరు తగ్గుతున్నప్పుడే పిలిచి ఈ మాట చెప్పగలిగితే కొందరైనా తిరిగి వస్తారు.

6. మార్గదర్శి ఎవరు?

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ ద్వారా జరుగుతున్నాయి. పేరు చక్కనిదే, కాని వెబ్ ఆప్షన్లు పెట్టేవేళ విద్యార్థి పక్కన కూర్చునేది చాలాచోట్ల ఇంటర్నెట్ సెంటరు నిర్వాహకుడు. కళాశాలలో చేరాక మెంటర్ ఉంటాడు. న్యాక్ మూల్యాంకనం మెంటర్-విద్యార్థి నిష్పత్తిని అడుగుతుంది కనుక ప్రతి కళాశాలలోనూ జాబితా ఉంటుంది. తనిఖీకి ముందు వారంలో ఒకే సిరాతో నిండే మెంటర్ డైరీల గురించి అధ్యాపకులకు చెప్పనక్కరలేదు.

నిజంగా ఈ పనికి అనువైన స్థానంలో ఉన్నది రెండో భాష అధ్యాపకుడని నా భావన. చరిత్ర అధ్యాపకుడు తన మేజర్ విద్యార్థులను చూస్తాడు. తెలుగు తరగతిలో మాత్రం అన్ని మేజర్ల వారూ కలిసి కూర్చుంటారు. ఎవరు ఎందుకు వెనుకబడుతున్నారో వారి రాతలో ముందు తెలుస్తుంది. భాషాసామర్థ్యానికి మిగిలిన ఎనిమిది క్రెడిట్లలో ఇంగ్లీషుతో పంచుకోవలసి రావడం వల్ల ఈ తరగతులే తగ్గుతుండడం విచారకరం.

తొలి సమావేశంలో అడగవలసినవి ఎక్కువేమీ కావు. డిగ్రీ తరువాత ఏం చేయాలనుకుంటున్నారు? ఆ దారికి అర్హత ప్రకటన చదివారా? మైనర్ ఏది, ఎందుకు? మరొకటి, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా తెరిచారా? పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉన్న విద్యార్థులు మన తరగతుల్లో తక్కువేమీ కాదు. ఆ తేడాను సరిచేయించడానికి తొలి సెమిస్టర్ ఫలితాలు రాకముందే సమయం ఉంటుంది.