చిన్నపిల్లలకు బైబిలు కథలు: నమ్మకం ముందు, విధేయత తరువాత

ఆదివారపు బడిలో చిన్నపిల్లలకు చెప్పే బైబిలు కథలలో అనేకం రెండు గుణాల చుట్టూ తిరుగుతాయి. ఒకటి విశ్వాసం, రెండవది విధేయత. అయితే ఐదారేళ్ల పిల్లలకు ఈ రెండు పదాలూ బరువైనవే. ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో చదువుకొనే సరిహద్దు గ్రామాల పిల్లలకు అవి మరింత దూరం. "నమ్మడం", "మాట వినడం" అన్నప్పుడు మాత్రం ఏ పిల్లవాడైనా గ్రహించగలడు. బోధన అక్కడి నుండే ఆరంభం కావాలి.

తెలుగులో మాట వినడమంటే చెవిన వేసుకోవడమే కాదు, చెప్పినట్లు నడచుకోవడం కూడా. పాత నిబంధనలో అధికభాగం వ్రాయబడిన హెబ్రీ భాషలోనూ "షమా" అనే ఒకే క్రియకు ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. ఇందుకు తగిన కథ బాలుడైన సమూయేలుది. షిలోహు మందిరంలో రాత్రివేళ తనను ఎవరో పిలిచినట్లు వినబడగా, వృద్ధ యాజకుడైన ఏలీ పిలిచాడనుకొని సమూయేలు మూడుమార్లు అతనియొద్దకు పరుగెత్తాడు. పిలుస్తున్నది దేవుడని మూడవమారు గ్రహించిన ఏలీ, ఎలా బదులు పలకాలో నేర్పాడు. సాధారణంగా కథను ఇక్కడితో ఆపివేస్తారు. అసలు పరీక్ష ఆ తరువాతే ఉన్నది. సమూయేలు విన్న సందేశం ఏలీ కుటుంబానికి రానున్న శిక్షను గురించినది. చెప్పడానికి బాలుడు భయపడ్డాడు. ఏలీ నిలదీసి అడిగినప్పుడు ఏదీ దాచకుండా చెప్పాడు. ఆ పెద్దాయన కోపగించక అంగీకరించాడు. పెద్దల మాట వినడమూ, పెద్దలకు నిజం చెప్పడమూ ఒకే కథలో ఇమిడి ఉండడం దీని విశేషం.

విశ్వాసాన్ని గురించి చెప్పడానికి నయమాను ఇంటి చిన్నదాని కథ తగినది. ఇశ్రాయేలు దేశం నుండి చెరపట్టబడి, సరిహద్దు దాటి, సిరియా సేనాధిపతి ఇంట పనిచేస్తున్న బాలిక ఆమె. పేరైనా గ్రంథంలో లేదు. యజమానుని కుష్ఠువ్యాధి నయం కావాలంటే తన దేశంలోని ప్రవక్తయొద్దకు వెళ్లాలని ఆమె యజమానురాలికి చెప్పింది. ఎలీషా ప్రవక్త యొర్దానులో ఏడుమార్లు మునుగుమన్నప్పుడు, తమ దమస్కు నదులు ఇంతకంటె గొప్పవి కావా అని సేనాధిపతి మండిపడ్డాడు. సేవకులు నచ్చజెప్పగా మునిగి బాగుపడ్డాడు. పరభాషల నడుమ పెరిగే పిల్లలకు ఆ బాలిక త్వరగా దగ్గరవుతుంది. కుష్ఠు శాపం కాదనీ, నేడు మందులతో నయమయ్యే వ్యాధి అనీ కథతోపాటే చెప్పడం అవసరం.

కొన్ని కథలకు వయస్సు రావాలి. అబ్రాహాము తన కుమారుడైన ఇస్సాకును బలి ఇవ్వబోయిన వృత్తాంతం అటువంటిది. పెద్దలకు అది విశ్వాసపు పరాకాష్ఠగా తోచవచ్చును. ఐదేళ్ల పిల్లవాడు తనను ఇస్సాకు స్థానంలో ఉంచుకొని తన తండ్రి వైపు చూస్తాడు. చిన్నవారికి అబ్రాహాము ఊరు విడిచి తెలియని దేశానికి బయలుదేరిన కథ చాలును. బలి వృత్తాంతాన్ని పదేళ్ల తరువాత, కత్తి పట్టిన చేయి ఆపబడిందన్న మాటను ముఖ్యంగా చేసి చెప్పవచ్చును.

"అలా చేస్తే కళ్లు పోతాయి" అన్న బెదిరింపును కథకు తగిలిస్తే విధేయత మిగలదు, భయమే మిగులుతుంది. సమూయేలు పిలుపుకు పరుగెత్తినది ఏలీమీద నమ్మకం చేతనే. మరొక జాగ్రత్త కూడా ఉన్నది. ప్రతి పెద్దవాని ప్రతి మాటకూ తలవంచాలని ఈ గ్రంథం బోధించడం లేదు. ప్రతిమకు మ్రొక్కమన్న రాజాజ్ఞను షద్రకు, మేషాకు, అబేద్నెగో నిరాకరించారు. చెడు చేయమన్న పెద్దవానికి "కాదు" అని చెప్పి, ఆ సంగతి ఇంట్లో తెలుపవచ్చునని పిల్లలకు తెలియాలి. విధేయత కథల సరసన ఈ కథ తప్పక ఉండాలి.

చెప్పే విధానం సులువైనదే. ఒక పూట ఒకే కథ, పది నిమిషాలకు మించకుండా, ఇంటి మాటలలో చెప్పాలి. నీతిని చివర అంటించకుండా "నీవైతే ఏమి చేసేవాడివి?" అని అడగాలి. మరునాడు ఆ కథను పిల్లల నోట చెప్పించాలి. తెలుగు బైబిలులోని గ్రాంథిక వాక్యాన్ని, కథ అర్థమైన తరువాతనే వేలుపెట్టి చదివించాలి.

ఈ చివరి పనికి సరిహద్దు కుటుంబాలలో ప్రత్యేక ప్రయోజనం ఉన్నది. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టరులో రాబర్ట్ రైక్స్ నడిపిన ఆదివారపు బడి, వారమంతా పనిచేసే పేదపిల్లలకు చదవడం నేర్పడానికి వెలసినది. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం, కర్ణాటకలో 2015 నాటి చట్టంతో కన్నడం బడులలో తప్పనిసరి అయినాయి. రాజ్యభాష పిల్లలకు అవసరమే. అయితే తెలుగు బడి అందుబాటులో లేని ఊళ్లలో, తెలుగు అక్షరం పిల్లల కంటబడే చోటు కొన్ని ఇళ్లలో బైబిలు పుట ఒక్కటే. కథ వలన ఆ పుటపై ప్రీతి కలిగితే అక్షరమూ నిలుస్తుంది. కంఠస్థం చేయనందుకు దెబ్బలు పడితే కథా పోతుంది, అక్షరమూ పోతుంది.