గోండుబాలుని మాతృభాష

1921లో హైదరాబాదున నొక సభయందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా సభికులు గేలి చేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘ ముద్భవించినది. ఈ వృత్తాంతమును మనము సగర్వముగ జెప్పుకొందుము. ఇంటిభాషకు బడిలో దావు లేకున్న బాలుని మనస్సెట్లు ముడుచుకొనునో, ఉర్దూ బడులలో జదివిన మన పెద్ద లెఱుగనిది కాదు. మఱి ఆదిలాబాదు అడవులలోని గోండుబాలుని గూర్చి మన మేమి తలచితిమి?

1940లో జోడేఘాటున కుమురం భీము నేలకొరిగిన పిమ్మట, గోండుల యశాంతికి గల కారణము లరయుటకై నిజాము ప్రభుత్వము ఆస్ట్రియా దేశీయుడగు మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫును నియోగించెను. ఆయన సతీసమేతుడై మార్లవాయిలో గోండుల నడుమనే కాపురముండెను. ఆయన కచట గోచరించిన దేమి? కరీంనగరము దెసనుండియు, మహారాష్ట్రమునుండియు వచ్చినవారి చేతులలోనికి భూములు పోవుచుండెను. పట్టాకాగితము చదువలేని గోండు తాను దున్నిన నేలకే పరాయివా డగుచుండెను. కావున నచట నక్షరప్రశ్నయు భూమిప్రశ్నయు నొక్కటియే.

1943లో మార్లవాయియందు గోండుయువకులకు ఉపాధ్యాయ శిక్షణాలయము వెలసెను. చదువు వచ్చిన కొలదిమందియు మరాఠీ నేర్చినవారే యగుటచే దేవనాగరిలిపిలో గోండీ వాచకములు సిద్ధమయ్యెను. గురువును గోండే, నుడియు గోండీయే! విద్యార్థిని రిక్తపాత్రగా నెంచరాదని బ్రెజిలు దేశపు పౌలో ఫ్రెయిరె తన గ్రంథమున బోధించుటకు పాతికేండ్లు ముందే మన యడవిలో నీ ప్రయత్నము జరిగినది.

తరువాత నేమైనది? రాజ్యములు మాఱినవి; గోండీ బోధన క్షీణించినది; ఉర్దూ తొలగినచోట మన తెలుగు గూర్చున్నది. మనకు జరిగినపు డన్యాయమైనది, మనము చేయునపుడు న్యాయమగునా?

తెలుగు రానిచో నంగడిలో, కచేరిలో వారికే నష్టమని కొందఱందురు. నిజమే. తెలుగు వలదని మేమనము. తల్లినుడిపై నిలిచి పరభాష నందుకొన్నవాడు రెంటను రాణించును. తల్లినుడిని విడిచి వచ్చినవాడు రెంటికిని జెడును.

2011 జనగణనమున దేశమందు గోండీభాషులు 29 లక్షలకు పైబడిరి. గుంజాల గ్రామపు గోండీలిపికి 2018లో యూనికోడున స్థానము లభించినది. లిపి యున్నది, నుడి యున్నది, మార్లవాయి నిదర్శన మున్నది. ఆ గ్రామముననే హైమన్‌డార్ఫు దంపతుల సమాధులును గలవు. సమాధికి పూలమాల వేయుట సులభము. బడిలో గోండీ పలక నిచ్చుటయే వారికి నిజమైన నివాళి. ఒకప్పుడు మనము కోరిన హక్కునే నేడు వారు కోరుచున్నారు. కాదనుటకు మనకు మొగ మెక్కడిది?