దొడ్డిదారి తెరిచేది లోపలి నుంచే

మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్, క్లుప్తంగా ఎంఈఎస్. సైనికులకు బ్యారక్‌లు, రోడ్లు, నీరు, కరెంటు సమకూర్చే విభాగం ఇది. దాని కోల్‌కతా కంప్యూటర్లలోకి ఎవరో చొరబడ్డారని 2010 ఏప్రిల్‌లో వెలువడిన ‘షాడోస్ ఇన్ ద క్లౌడ్’ నివేదిక బయటపెట్టింది. కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు, మరికొందరు కలిసి రూపొందించిన నివేదిక అది. కోల్‌కతాతో పాటు బెంగ్‌డుబి, బెంగళూరు, జలంధర్ ఎంఈఎస్ కంప్యూటర్లూ చొరబాటుదారుల చేతికి చిక్కాయని, తాము గమనించిన కాలంలోనే 78 పత్రాలు తరలిపోయాయని వారు తేల్చారు.

వాటిలో మామూలు ఫారాలు, మాన్యువళ్లు ఉన్నాయి. సిబ్బంది వ్యక్తిగత వివరాలు, కొన్ని నిర్మాణ పనుల ఖర్చులు, గడువులూ ఉన్నాయి. ఇందులో రహస్యమేముంది అనిపించవచ్చు. కానీ ఎక్కడ ఏం కడుతున్నారో, ఎప్పటికి పూర్తవుతుందో తెలిస్తే, అక్కడికి ఎంత బలగం రాబోతోందో లెక్కగట్టవచ్చు. బెంగ్‌డుబి ఉన్నది ఈశాన్య రాష్ట్రాలను మిగతా దేశంతో కలిపే సిలిగుడి ఇరుకు దారిలోనే. అదే నివేదికలో సికింద్రాబాద్‌లోని మిలిటరీ కాలేజ్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీరింగ్ పేరు కూడా ఉంది. అక్కడి నుంచి, పుణెలోని ఆర్మీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుంచి పోయిన పత్రాల్లో, శతఘ్ని దళాల కమాండ్ వ్యవస్థ ‘ప్రాజెక్ట్ శక్తి’ని వివరించేదీ ఒకటి.

ఇంటిదొంగ పద్ధతి

వచ్చిన దారి చాలా మామూలుది. నమ్మదగ్గ పేరుతో ఒక ఈమెయిల్, దానికి జతగా పీడీఎఫ్ లేదా వర్డ్ ఫైలు. తెరవగానే పాత సాఫ్ట్‌వేర్‌లోని లోపం గుండా ఒక చిన్న ప్రోగ్రామ్ లోపల కూర్చుంటుంది. దాన్నే బ్యాక్‌డోర్ అంటారు, మన మాటల్లో దొడ్డిదారి.

ఫైర్‌వాల్ ప్రధానంగా బయటి నుంచి వచ్చేవారిని ఆపే కాపలాదారు. బ్యాక్‌డోర్ బయటి నుంచి తలుపు తట్టదు. లోపలి నుంచే తన యజమానిని పిలిచి ఆదేశాలు అడుగుతుంది. ఆ ముఠా ఆదేశాలు పంపడానికి ట్విటర్, గూగుల్ గ్రూప్స్, బ్లాగులు, యాహూ మెయిల్ ఖాతాలనే వాడుకుంది. చూసేవారికి ఉద్యోగి మెయిల్ చదువుకుంటున్నట్టే ఉంటుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. ఆధారాలు చైనాలోని చెంగ్డూ నగరం వైపు చూపాయి. అయితే ఆ దేశ ప్రభుత్వ హస్తం ఉందని మాత్రం పరిశోధకులు నిర్ధారించలేదు.

ఆ నివేదికలో అందరూ గుర్తుంచుకోవలసిన మాట మరొకటి ఉంది. దొరికిన భారత ప్రభుత్వ పత్రాల్లో ‘సీక్రెట్’ ముద్ర ఉన్నవి 2, ‘రెస్ట్రిక్టెడ్’వి 6, ‘కాన్ఫిడెన్షియల్’వి 5. అవి ప్రభుత్వ కంప్యూటర్ల నుంచే పోయాయనడానికి నేరుగా ఆధారం లేదని, ఎవరో తమ సొంత కంప్యూటర్లలోకి కాపీ చేసుకోవడం వల్ల కూడా పోయి ఉండవచ్చని పరిశోధకులు రాశారు. ఇంటర్నెట్ లేకపోయినా ముప్పు తప్పదు. విశాఖపట్నంలోని తూర్పు నౌకాదళ కమాండ్ కంప్యూటర్లలోకి పెన్‌డ్రైవ్‌ల ద్వారానే వైరస్ చేరిందని 2012లో పత్రికల్లో వచ్చింది.

తొలగించడం ఎలా?

సైన్యంలో ఒక నియమం ఉంది. సంకేత భాష శత్రువు చేతిలో పడిందన్న అనుమానం వస్తే చాలు, రుజువు కోసం ఆగకుండా సంకేతాలన్నీ మార్చేస్తారు. కంప్యూటర్‌కూ అదే వర్తిస్తుంది. యాంటీవైరస్ ఒక ఫైలు పట్టి తీసేసిందని ఊరుకోకూడదు. దొడ్డిదారి గుండా వచ్చినవాడు ఇంకో నాలుగు దారులు తెరిచి ఉండవచ్చు.

మొదట వైఫై ఆపాలి, నెట్‌వర్క్ కేబుల్ తీసేయాలి. కార్యాలయ కంప్యూటర్ అయితే స్విచ్ ఆఫ్ చేయకుండా సంబంధిత అధికారికి చెప్పాలి. మెమరీలోని ఆధారాలు ఆపేస్తే చెరిగిపోతాయి.

తర్వాత వేరే శుభ్రమైన కంప్యూటర్ నుంచి ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు మార్చాలి. లాగిన్ అయి ఉన్న అన్ని పరికరాల నుంచీ ఖాతాను లాగౌట్ చేయాలి. మీ మెయిల్స్ తెలియని చిరునామాకు ఫార్వర్డ్ అవుతున్నాయేమో చూడాలి. సోకిన కంప్యూటర్‌లోనే పాస్‌వర్డ్ మార్చడమంటే, కొత్త తాళంచెవిని కూడా దొంగకే ఇవ్వడం.

సొంత కంప్యూటర్‌ను శుభ్రం చేసుకునేటప్పుడు విండోస్ పూర్తిగా తెరుచుకోకముందే వెతికే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉపయోగపడుతుంది. స్టార్టప్ జాబితాలో, టాస్క్ షెడ్యూలర్‌లో తెలియని పేర్లను, మీరు పెట్టుకోని రిమోట్ యాక్సెస్ యాప్‌లను పరిశీలించాలి. అయినా అన్నిటికంటే నమ్మదగినది డిస్క్ మొత్తం చెరిపి, విండోస్ మళ్లీ వేసుకోవడమే. అందుకు వాడే ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌లో తయారుచేయాలి. పత్రాలు, ఫొటోలు మాత్రమే దాచుకుని, స్కాన్ చేశాకే మళ్లీ తెరవాలి. ప్రోగ్రామ్ ఫైళ్లను వెనక్కి తేకూడదు. ఆపైన అప్‌డేట్లు వాయిదా వేయకపోవడం, రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ ఖాతా వాడకపోవడం అలవాటు చేసుకోవాలి.

బాట్ తొలగింపు సాధనాలు సెర్ట్-ఇన్ నిర్వహించే సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో ఉచితంగా దొరుకుతాయి. సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలపాలని 2022 ఏప్రిల్‌లో సంస్థలకు ఆదేశాలు వచ్చాయి. కానీ ఆ గడియారం తిరగాలంటే ముందు గుమస్తా నోరు విప్పాలి. చెబితే మెమో ఇస్తారని భయపడే చోట, ఫైలు తెరిచినవాడు గుట్టుగా యాంటీవైరస్ నడిపి ఊరుకుంటాడు. చొరబాటుదారుకు కావలసింది ఆ మౌనమే. తప్పు ఫైలు తెరిచానని వచ్చి చెప్పిన ఉద్యోగి మీద కోప్పడే ముందు, చెప్పనివాళ్లు ఎంతమంది ఉన్నారో పై అధికారులు ఆలోచించుకోవాలి.