పిల్లలు తమ ప్రగతిని తాము గుర్తించుట



నిరుడు వార్షిక పరీక్షలు ముగిసిన పిదప ఏడవ తరగతి పిల్లలతో, "పోయిన యేడు మీకు చేతకానిది, నేడు చేతనైనది ఒక్కటి వ్రాయుడు" అంటిని. పరీక్షలో పుటలకు పుటలు నింపినవారే కలము పట్టుకొని ఊరక కూర్చుండిరి. చాలమంది "ఏమియు లేదు" అని వ్రాసిరి. ఒక బాలుడు మాత్రము, "బస్సుమీది కన్నడ అక్షరములు చదివి మా అవ్వను నేనే కోలారుకు తీసికొనిపోయితిని" అని వ్రాసి, మరల దానిని కొట్టివేసెను.

ఆ కొట్టివేత నన్ను బాధించినది. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, కచేరీలో కన్నడము వినబడు ఊరిలో పెరుగుచున్న బాలునికి అది చిన్న విజయము కాదు. మరి యెందుకు కొట్టివేసెను?

ఈ అలవాటు మనయొద్దనే నేర్చెనని నా అభిప్రాయము. గనిలో పనిచేసిన పెద్దలను అడిగినచో, "ఏముందయ్యా, కూలిపని" అందురు. 1880లో జాన్ టైలర్ కంపెనీవారు ఇచ్చట పని ఆరంభించినది మొదలు 2001లో గనులు మూతపడువరకు ఈ నేలనుండి 800 టన్నులకు పైగా బంగారము వెలికివచ్చినది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. 1902లో శివనసముద్రపు విద్యుత్తు ఈ గనులకు అందినది. 1965లో ఇచ్చటి భూగర్భమున, రెండు కిలోమీటర్లకు మించిన లోతున, శాస్త్రజ్ఞులు వాతావరణములో పుట్టు న్యూట్రినోల జాడను కనుగొనిరి. ఆ లోతును త్రవ్వినవారెవరు? ఆ "కూలిపని"వారే. తాతగారు తమ పనిని ఇంత తేలికచేసి చెప్పుకొనగా, మనుమడు తన పనిని కొట్టివేయుటలో వింత యేమున్నది?

"తన్ను తాను పొగడుకొనుట తప్పుకాదా?" అని మీరు అడుగవచ్చును. నిజమే. ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానమని భారతమున కర్ణపర్వములో శ్రీకృష్ణుడు అర్జునునకు చెప్పెను. కాని తన్ను పొగడుకొనుట వేరు, తన్ను తెలిసికొనుట వేరు. సముద్రతీరమున హనుమంతుడు తన బలము తానెరుగక మౌనముగా కూర్చుండినప్పుడు జాంబవంతుడు దానిని జ్ఞప్తికి తెచ్చెను. అది ముఖస్తుతి కాదు, ఉన్న సత్యమును చెప్పుట. హనుమంతుడును తిరిగివచ్చి మొదట చెప్పినది సీతాదేవి కనబడిన వార్తయే గాని తాను దూకిన దూరము కాదు. ప్రతి బిడ్డకును ఇంటిలో ఒక జాంబవంతుడు అవసరము.

మన గనులలో టన్ను రాతికి దొరకిన బంగారము గ్రాములలోనే. అయినను దానిని వట్టి రాయియని ఎవరును పారవేయలేదు. పొడిచేసి, సైనైడు ద్రావణముతో వేరుచేసి, తూచి, లెక్క వ్రాసిరి. పిల్లవాని యేడాది శ్రమను కూడ అట్లే పరీక్షింపవలెను. మనము చేయుచున్నదేమి? నూటికి డెబ్బది వచ్చినచో, తక్కిన ముప్పది యేమైనవని అడుగుదుము. ఈ దోషము నాలోను ఉండెను. నా గదికి పిలువబడిన పిల్లలందరు తప్పుచేసినవారే. బాగుగా చేసినవానిని పిలిచిన దినము నాకు జ్ఞాపకము లేదు.

కావున ఈ సంవత్సరము మీకు నా విన్నపము. ప్రతి బిడ్డకు ఒక చిన్న నోటుపుస్తకము ఇండు. నెలకొకసారి, క్రొత్తగా చేతనైనది ఒక్కటి వానిచేతనే తెలుగులో వ్రాయింపుడు. ప్రక్కింటి పిల్లవానితో కాక, నిరుటి తనతోనే పోల్చుకొననిండు. "నీవు తెలివిగలవాడవు" అనుటకంటె, "పదిసార్లు తప్పినను విడువక ఈ లెక్క చేసితివి" అనుట మేలు. మొదటిమాట గర్వమును పెంచవచ్చును. రెండవది వానికి దారి చూపును. ఆ దినమున కొంచెము పాయసము వండి, వాడు వ్రాసినది అవ్వతాతలకు చదివి వినిపింపనిండు. పండుగకు అంతకంటె అక్కరలేదు. తప్పులను దిద్దుట మానవలదు. చేతనైనదేదో తెలిసిన బిడ్డయే చేతకానిదానిని ధైర్యముగా ఒప్పుకొనును.

తాతలును తమ పనిని గూర్చి ఒక పుట చెప్పి వ్రాయించినచో మరింత సంతోషము.

ఆ బాలుని నా గదికి పిలిపించితిని. తప్పేమి చేసితినోయని వణకుచు వచ్చెను. కొట్టివేసిన వాక్యమును మరల వ్రాయుమంటిని. ఈసారి గుండ్రని అక్షరములతో వ్రాసి, చివర "తిరుగు బస్సు కూడ నేనే చూచితిని" అని చేర్చెను.